యజమాని ఊళ్ళో లేరు

కుట్టు దుకాణం
ఫిబ్రవరి 9

బావగారికి,

ఫోను చేస్తే "ఆ", "ఊ", "సరే" తప్ప మీ నోట్లోంచి నాలుగో మాట రాలడం లేదు. నిన్న పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో పది నిమిషాల యాభై సెకన్లు నావే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద "ఊ" అని రాసి, కవరులో పెట్టి, అంటించి పంపడానికి మీకైనా మొహమాటం వేస్తుందని నా ఆశ.

మా పిల్ల పెళ్ళి జూన్ పద్నాలుగున. రిజిస్ట్రారు ఆఫీసులో, ఉదయం పది గంటలకి. హంగామా ఏమీ లేదు. మేం ముగ్గురం, పెళ్ళికొడుకు తరఫున నలుగురు, మీరు. అక్క పోయిందని కిందటేడు ఆపిన పెళ్ళి ఇది. ఇంకోసారి ఆపడానికి ఎవరి దగ్గరా కారణం మిగల్లేదు. పదమూడు సాయంత్రానికి మీరిక్కడ ఉండాలి. ఒక్క రాత్రి. పద్నాలుగు మధ్యాహ్నం బండికి నేనే ఎక్కించి పంపేస్తాను.

మనం ఒకే వీధిలో ఉన్న రోజుల్లో, నేను మిషను మీద వంగిపోయి ఉంటే పిల్లకి జడలు వేసి బడికి పంపింది అక్క. ఎక్కాలు నేర్పింది మీరు, లిఫ్టులో అంతస్తుల నంబర్లు చూపించి. అందుకే దానికి ఇప్పటికీ పదమూడో ఎక్కం రాదు. మీరు తనిఖీ చేసే లిఫ్టుల్లో పదమూడో అంతస్తు ఉండేది కాదు కదా. అయినా సరే, మీరు రాకపోతే సంతకం పెట్టనంటోంది.

ఇక మేనేజరు సంగతి. పనిచేసే వాళ్ళ వెనకాలే తిరుగుతూ తను మాత్రం ఏ పనీ చెయ్యడని అక్క ముద్దుగా పెట్టిన పేరు, సరిగ్గా అతికింది. కానీ వాణ్ణి ఇక్కడికి తీసుకురావద్దు. పెళ్ళికొడుక్కి కుక్క వెంట్రుకలు పడవు. పోయిన నెల ఎవరి కుక్కనో రెండు నిమిషాలు ఎత్తుకుంటే మొహం బన్నులా ఉబ్బింది. అతని ఫోనే అతన్ని గుర్తుపట్టక తాళం తియ్యలేదు.

మీ ఊళ్ళో కుక్కల్ని రాత్రిపూట ఉంచుకునే చోట్లు వీధికొకటి వెలిశాయట. ఒకటి చూసి పెట్టండి. నాలుగు నెలలుంది. నాలుగు నెలల్లో మనిషికే ఇల్లు దొరుకుతుంది.

మీ మరదలు


మెషీను రూము, పన్నెండంతస్తుల భవనం పైన
ఫిబ్రవరి 22

మరదలికి,

ఊ.

ఇది వేళాకోళం. ఉత్తరం అందింది.

వస్తాను. కుక్కకి సరైన చోటు దొరికితే.

మొదటిది నిన్న చూశాను. బయట బోర్డు మీద రాజభవనం అని ఉంది. అక్కడ కుక్కని కుక్క అనకూడదు, అతిథి అనాలి. కౌంటరు వెనకున్న అమ్మాయి నన్ను చూసి, "డాడీ మీరేనా అండీ?" అంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"బాబు పేరు?"

"మేనేజరు."

"మేనేజరుగారు మీటింగులో ఉన్నారండీ. ముందు బాబు పేరు చెప్పండి."

"బాబు పేరే మేనేజరు."

ఆమె లోపలికి వెళ్ళి అసలు మేనేజరుని పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మనవాడు ముందుగా ఆవలించాడు.

సముద్రం కనిపించే గది చూపించారు. సముద్రం గోడకి అంటించి ఉంది. ఒక మూల ఊడి వస్తోంది. టీవీలో వేరే కుక్కలు పరుగెడుతున్నాయి. పాదాలకి నూనె రాసి మర్దన చేస్తారట. పడుకునే ముందు కథ చదువుతారట. ఏ కథ అని అడిగాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ అంది.

మంటలొస్తే బయటపడే దారి ఏదన్నాను. వెనక తలుపు చూపించారు. తాళం వేసి ఉంది. చెవి సెలవులో ఉన్నాయన దగ్గరుంది. ఆయన హనీమూన్‌కి వెళ్ళాడు.

ఫారం నాలుగు పేజీలు. నింపకుండా ఇంటికి తెచ్చాను.

వచ్చేటప్పుడు హాల్లో ఉన్న పాలరాతి కుక్క విగ్రహాన్ని మేనేజరు కాలెత్తి పలకరించాడు. అదొక్కటే అక్కడ అందరికీ అర్థమైన మాట.

ఇంకో చోటు చూస్తాను.

బావ


కుట్టు దుకాణం
మార్చి 3

బావగారికి,

మీ ఉత్తరం దుకాణంలో పైకి చదివాను. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినాయన నవ్వీ నవ్వీ కదిలిపోయాడు, నా సుద్దగీత వంకరపోయింది. ఇప్పుడాయన ఎడమ కాలు కుడికాలి కన్నా అర అంగుళం పొట్టి. ఆ పాపం మీదే.

నవ్వు అయ్యాక ఒక్క మాట. మీరు వెతుకుతున్నది కుక్కకి చోటా, లిఫ్టుకి లైసెన్సా? తాళం చెవి హనీమూన్‌కి వెళ్తే వెళ్ళింది. జూన్ నాటికి తిరిగిరాదా? ఆ పెళ్ళాం దాన్ని దాచేసుకుంటుందా?

మా ఆయన అంటున్నాడు, "ఆయనకి నచ్చే చోటు భూమ్మీద లేదు, ఆయన చూసే కళ్ళద్దాలే అలాంటివి" అని. ఆయన మాట నేను పట్టించుకోను. పాతికేళ్ళుగా పట్టించుకోలేదు, ఇప్పుడు మొదలుపెడితే కంగారు పడతాడు. కానీ ఈసారి కొంచెం భయమేసింది.

పిల్ల పెళ్ళికి వేసుకునే బట్టలు నేనే కుడుతున్నాను. అది రోజూ వచ్చి మిషను పక్కన నిలబడి, "పెదనాన్న రాశాడా?" అంటుంది. "రాశాడు, కుక్క విగ్రహం గురించి" అంటాను. ఏం మొహం పెట్టాలో దానికి తెలియదు. నాకూ తెలియదు.

రెండోది చూడండి. తలుపుల దగ్గర కాస్త కళ్ళు మూసుకోండి.

మీ మరదలు


ఇంట్లో, వంటగది బల్ల
ఏప్రిల్ 11

మరదలికి,

ఆలస్యమైంది. రెండు చోట్లు చూశాను.

మొదటిది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి ఇల్లు. ఏడు కుక్కలు. గంట కొడితే లేస్తాయి, గంట కొడితే తింటాయి. మూడో గంటకి ఏం చేస్తాయో పెరట్లో చూపించారు. చేర్చుకునే ముందు ఇంటర్వ్యూ. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి మేనేజరుని లోపలికి తీసుకెళ్ళారు. అరగంట తర్వాత కార్డు ఇచ్చారు. "ఆత్మవిశ్వాసం ఎక్కువ. ఉత్సాహం తక్కువ. నలుగురితో కలవడు. పెద్దల్ని గౌరవిస్తాడు, కానీ వినడు."

ఇవే మాటలు పదేళ్ళ కిందట మా పై ఆఫీసరు నా గురించి రాశాడు.

"మీరు ఇంట్లో వాడితో మాట్లాడరా?" అని అడిగిందావిడ.

"అవసరమైనప్పుడు మాట్లాడతాను."

"ఎప్పుడు అవసరమైంది?"

ఆలోచించాను. ఆవిడ నా ఎదుటే కార్డులో ఒక మార్కు తగ్గించింది. తెల్ల ఇంకు పూసి, దాని మీద కొత్తది రాసింది. నాకది నచ్చలేదు. మా తనిఖీ పుస్తకంలో తప్పు పడితే పూయకూడదు, రుద్దకూడదు. ఒక్క గీతతో కొట్టాలి. కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. పక్కన పొట్టి సంతకం, తేదీ. ఇది చెప్పాను. నేనూ నలుగురితో కలవనని ఆవిడకి అర్థమైంది.

రెండోది కెమెరాల వాళ్ళది. గదికి నాలుగు. గంటకోసారి కుక్క మనసెలా ఉందో మన ఫోనుకి పంపుతారు. పచ్చ రంగు అయితే ఆనందం, ఎరుపు అయితే కోపం, బూడిద రంగు అయితే ఏమీ లేదు. నమూనాకి మేనేజరుని ఒక గంట ఉంచారు. బూడిద. యంత్రం పాడైందనుకుని ఇంకోటి తెచ్చారు. బూడిద. మూడోసారి వాళ్ళ కుర్చీ కాలు నమిలాడు. అప్పుడు పచ్చ.

రెండు ఫారాలూ ఇంటికి తెచ్చాను.

కాబట్టి ఇప్పటికి లెక్క తేలలేదు. జూన్ పద్నాలుగుకి నా రాక అనుమానమే. పిల్లకి నెమ్మదిగా చెప్పు.

బావ


కుట్టు దుకాణం
మే 6

బావగారికి,

పిల్లకి నెమ్మదిగా చెప్పలేదు. గట్టిగానూ చెప్పలేదు. అసలు చెప్పలేదు. మీ అనుమానం మీ దగ్గరే ఉంచుకోండి.

ఇవాళ పదకొండు గంటలకి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు ఆడదే, కానీ రోడ్డు అవతల వాళ్ళకి కూడా వినిపించేంత గట్టిది.

"మేనేజరు తాలూకు వాళ్ళేనా అండీ?"

"ఏ బ్యాంకు? నాకు అప్పులేవీ వద్దమ్మా."

"కుక్కండీ, కుక్క. మా దగ్గర ఒక రాత్రి ఉంచుకుంటారా అని సారొచ్చి అడిగారు. వాడి టీకాల కార్డు మీద యజమాని పేరు కింద మీ నంబరుంది. యజమాని దొరక్కపోతే పిలవమని. కార్డు మీద పేరున్నావిడే వచ్చి సంతకం పెట్టాలండీ, అది మాకు రూలు. మీ అక్కగారు వచ్చేశారా?"

అప్పుడు నా నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. ఆరున్నాయి.

"ఎక్కడి నుంచి రావాలి?" అన్నాను.

"అదే తెలియక మీకు చేశాను. సారుని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆవిడ ఊళ్ళో లేరన్నారు. ఎప్పుడొస్తారంటే చెప్పలేం అన్నారు."

బావగారూ, పది నెలలైంది.

మీ మీద అరుద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఒక పేజీ నిండా అరిచాను కూడా. రాజభవనం, హెడ్‌మిస్ట్రెస్, కెమెరాలు అని నా చెవిలో పువ్వులు పెట్టారు కదా అని రాశాను. ప్రతి చోటా ఫారం ఎందుకు ఇంటికి తెచ్చుకున్నారో ఇప్పుడు తెలిసిందని రాశాను. తర్వాత ఆ పేజీ చింపేశాను. ఎందుకంటే ఆవిడకి నేనేం చెప్పానో రాయకుండా మిమ్మల్ని తిట్టడం అన్యాయం.

"ఇంకా రాలేదండీ," అన్నాను.

అదీ నా బతుకు. ఇంకోటి కూడా ఉంది, ఎలాగూ నోరు విప్పాను కాబట్టి అదీ చెప్పేస్తాను. పెళ్ళి దరఖాస్తు కిందటేడే నింపాం. మొదటి సాక్షి అన్న చోట అక్క పేరు ఉంది. తనే దగ్గరుండి రాయించింది, "నా కూతురి పెళ్ళికి మొదటి సంతకం నాది, అడ్డొచ్చిన వాళ్ళ చేతులు విరుస్తాను" అని. ఆ ఆఫీసు గుమస్తా సాక్షి ఆధారాలు తెమ్మని జనవరి నుంచి అడుగుతున్నాడు. ఆవిడ ప్రయాణంలో ఉందని చెబుతున్నాను. మూడుసార్లు చెప్పాను. మూడోసారి అతను, "చాలా దూరం వెళ్ళినట్టున్నారండీ" అన్నాడు, పాపం, మామూలుగానే.

మీకు రాసిన మొదటి ఉత్తరంలోనే ఈ సంగతి రాద్దామనుకున్నాను. కుక్క గురించి రాశాను.

మీ మరదలు


ఇంట్లో, ముందు గది
మే 12

మరదలికి,

నేను అబద్ధం చెప్పలేదు. మీ అక్క ఊళ్ళో లేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేం. రెండూ నిజాలే. నీకు ఫోను చేసినావిడ అడిగిన దానికి అవి సరిపోతాయనుకున్నాను.

నాలుగో చోటు సంగతి నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మూతపడిన లాండ్రీలో ఆవిడే నడుపుతోంది. ఇదివరకు అంబులెన్సు తోలేదట, అందుకే ఆ గొంతు. పక్కన సైరను మోగుతుంటే మాట్లాడటం అలవాటు. బోర్డు లేదు. ఆరు గదులు. గచ్చు నేల, వాలు కాలువ వైపే ఉంది. గోళీ వేసి చూశాను. గొళ్ళెం లోపలి నుంచీ బయటి నుంచీ పడుతుంది. వెనక తలుపు తాళం చెవి ఆవిడ మెడలోనే ఉంది. నీళ్ళు శుభ్రం. ఏ గదిలోంచీ సముద్రం కనిపించదు.

ముప్పై ఏళ్ళలో ఒక్క లోపమూ దొరకని తనిఖీ ఇదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవిడ మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఏం తింటాడు? ఉడికించిన గుడ్డు, బ్రెడ్డు అంచులు. దేనికి భయపడతాడు? తెరిచిన గొడుగుకి. ఎవరి కుక్క?

నేను కార్డు ఇచ్చాను. ఆవిడ పేరు చదివి, "ఈవిడేరీ?" అంది. తర్వాతది నీకు తెలుసు.

ఇంకో షరతుంది. యజమాని ఒంటి వాసన ఉన్న బట్ట ఒకటి ఇవ్వాలి, ఉతకనిది. కుక్క దాని మీద పడుకుంటుంది. అన్ని చోట్లా అదే అడిగారు, నీకు రాయలేదు.

మీ అక్క నీలం స్వెటరు ఉంది. ఆసుపత్రికి వెళ్ళేముందు రోజు వేసుకున్నది. ఉతకలేదు. డబ్బాలో పెట్టి మూత బిగించాను. అప్పుడప్పుడు మూత తీస్తాను. ఎక్కువసేపు తీసి ఉంచను. వాసన తగ్గుతోంది.

దాన్ని కుక్క కింద వెయ్యలేను. వెయ్యకపోతే యజమాని బట్ట లేదు. ఇదీ లెక్క.

నీ గుమస్తాకి నువ్వు చెప్పిన దానిలో తప్పేమీ కనిపించలేదు నాకు.

బావ


కుట్టు దుకాణం
మే 19

బావగారికి,

ఆ స్వెటరు నాకు తెలుసు. ఎడమ మోచేతి దగ్గర చిరిగితే నేనే అల్లి ఇచ్చాను. రంగు కలవలేదని అక్క వారం రోజులు నన్ను ఏడిపించింది. "నీ చేతిలో పెడితే నీలం కూడా నల్లబడుతుంది" అంది. ఆ అతుకు ఇంకా ఉందా?

అది వాడి కింద వెయ్యమని నేను చెప్పను. వద్దనీ చెప్పను. మీరు చదువుకున్నవాళ్ళు, నేను చిరుగులు కుట్టేదాన్ని. కానీ ఒక్కటి తోచింది. మీరు తేల్చుకోలేకపోతే వాణ్ణే అడగండి. పేరు మేనేజరు కదా. ఇన్నేళ్ళలో ఒక్క నిర్ణయమైనా తీసుకోనివ్వండి.

ఇటు సంగతి. సాక్షి పేరు మార్చుకోవడానికి మే ముప్పై ఒకటి ఆఖరు. దాటితే తేదీ పోతుంది, మళ్ళీ మూడు నెలలు ఆగాలి. నిన్న గుమస్తా ఫారం నా ముందు పెట్టి కలం చేతికిచ్చాడు. "కొట్టేసి వేరే పేరు రాయండి, అయిపోతుంది" అన్నాడు. కలం పట్టుకున్నాను. వేళ్ళు మొరాయించాయి. రోజుకి వంద కుట్లు విప్పే దాన్ని, ఒక్క గీత గీయలేకపోయాను. కలంలో ఇంకు లేదని చెప్పి వచ్చేశాను. పిల్ల అంతా చూసింది. బయటికొచ్చాక, "అమ్మా, పెదనాన్న రాకపోతే మూడు నెలలు ఆగుదాంలే" అంది. ఏడవలేదు.

అందుకే ఇరవై తొమ్మిదికల్లా మీరు ఏదో ఒకటి రాయండి. రాననైనా సరే. "ఊ" మాత్రం రాయొద్దు.

మీ మరదలు


కుక్కల డాక్టరు గారి వరండా
మే 26

మరదలికి,

అతుకు ఉంది.

వాణ్ణి అడిగాను. శనివారం ముందు గదిలో నేల మీద రెండు బట్టలు పరిచాను. ఇటు స్వెటరు. అటు నా పాత తనిఖీ చొక్కా, గ్రీజు మరకలున్నది. నేను కుర్చీలో కూర్చున్నాను. పిలవలేదు, చెయ్యి చూపించలేదు.

ముందు స్వెటరు దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు వాసన చూశాడు. అతుకు దగ్గర నాకాడు. తోక ఒక్కసారి ఊపాడు. తర్వాత అవతలికి నడిచి, నా చొక్కాని ముందు కాళ్ళతో నాలుగుసార్లు గీరి, మూడు చుట్లు తిరిగి, దాని మీద ముడుచుకుని పడుకున్నాడు. పది నిమిషాల్లో గురక.

నాకు కోపం వచ్చింది. విశ్వాసం లేదనుకున్నాను. కాసేపటికి, ఈ పది నెలలూ వాడు నిద్రపోయింది నా మంచం పక్కనే అని గుర్తొచ్చింది. వాడికి ఎప్పుడో తెలుసు. ఫారం నింపనిది నేను.

ఇవాళ ఇక్కడికి వచ్చాను, కార్డులో పేరు మార్పించడానికి. కౌంటరు దగ్గరాయన తెల్ల ఇంకు సీసా తీశాడు. వద్దన్నాను. కొత్త కార్డు ఇస్తాను, నీటుగా ఉంటుంది అన్నాడు. అదీ వద్దన్నాను.

"అయితే కారణం చెప్పండి సార్. అమ్మకమా, బహుమతా, తప్పిపోవడమా?"

"ఎవరు తప్పిపోవడం?"

"కుక్క సార్."

"కుక్క ఇక్కడే ఉంది. ఆవిడ చనిపోయింది."

పైకి అనడం ఇదే మొదటిసారి. ఆయన కాగితం పైనుంచి కిందికి వెతికాడు. చివరికి "ఇతరములు" అన్న గడిలో టిక్కు పెట్టాడు.

కార్డు అడిగి తీసుకున్నాను. ఒక్క గీత గీశాను. కింద పేరు చదవొచ్చు. పక్కన పొట్టి సంతకం, తేదీ. పైన నా పేరు రాశాను.

గది ఖాయం చేశాను. పదమూడు సాయంత్రం బండికి వస్తున్నాను.

సాక్షిగా నా పేరు ఇస్తున్నట్టు విడిగా కాగితం రాసి ఆధారాలతో పాటు ఈ కవరులో పెట్టాను. అది గుమస్తాకి ఇవ్వు. ఫారంలో మాత్రం పేరు కొట్టొద్దు. ఎవర్నీ కొట్టనివ్వద్దు. ముఖ్యంగా తెల్ల ఇంకు దగ్గరికి రానివ్వద్దు. నేనొచ్చి కొడతాను. నాకు అలవాటైంది.

బావ


కుట్టు దుకాణం
జూన్ 17

బావగారికి,

క్షేమంగా చేరారా? చేరే ఉంటారు. బండి ఎక్కగానే తలుపు గొళ్ళెం రెండుసార్లు వేసి చూడటం స్టేషన్లో అందరూ చూశారు.

పిల్లా అల్లుడూ నిన్న ప్రయాణమయ్యారు. మీరు మేనేజరు వెంట్రుక ఒక్కటి కూడా అంటకుండా బట్టలన్నీ టేపుతో అద్ది మరీ వచ్చారని అతనికి చెప్పాను. అయినా మీరు దగ్గరికి తీసుకున్నప్పుడు మూడుసార్లు తుమ్మాడు. అది సంతోషమే అంటున్నాడు.

పదమూడు రాత్రి మీరు వరండాలోంచి ఆ అంబులెన్సావిడకి ఫోన్ చేయడం నేను వినలేదనుకుంటున్నారు. ఆ గొంతు వినకుండా ఎలా ఉంటాం? "వాడు పడుకుని రెండు గంటలైంది సార్. మేలుకుని ఉన్నది మీరే." ఆ మాట విని పక్కింటి వాళ్ళు కూడా దీపం ఆర్పేశారు.

నేను రాయాలనుకున్నది వేరే. రిజిస్ట్రారు ఆఫీసులో మీరు గీత గీశారు. బాగా గీశారు. స్కేలు లేకుండా అంత తిన్నగా నా సుద్ద కూడా రాదు. పొట్టి సంతకం పెట్టారు. తర్వాత గుమస్తా లేచి నిలబడి అందరి పేర్లూ పైకి చదివాడు. వధువు, వరుడు, సాక్షులు. మొదటి సాక్షి దగ్గరికి వచ్చి, కింద పేరు చదవగలిగేలా ఉంది కదా, చదివేశాడు. అక్క పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా. ఆ వెంటనే మీ పేరు.

మా ఆయన అది తప్పని చెప్పబోయాడు. కాలు తొక్కాను. పిల్ల తల పైకెత్తింది. రిజిస్ట్రారు గారు వాచీ చూసుకున్నారు. మీరు కిటికీ వైపు చూశారు. ఆ కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు తప్ప ఏమీ కనిపించదని నాకు తెలుసు, కాబట్టి ఏం చూశారని అడగను.

గుమస్తాకి ఎవరూ చెప్పలేదు. వచ్చేటప్పుడు అతను నాతో, "మీ అక్కగారు రాలేదా అండీ?" అన్నాడు.

"చనిపోయారండీ," అన్నాను.

అతను చాలాసేపు క్షమాపణ అడిగాడు. నేను పర్వాలేదు అన్నాను. నిజంగానే పర్వాలేదనిపించింది, చిత్రం.

మీ మరదలు


ఇంట్లో, బట్టలారేసే చోటు
జూన్ 29

మరదలికి,

చేరాను. గొళ్ళెం వదులుగా ఉంది, రైల్వే వాళ్ళకి రాశాను.

మేనేజరుని తీసుకురావడానికి వెళ్తే బల్ల మీద ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆవిడ లోపలి నుంచే, "మేనేజరు యజమాని ఎవరండీ?" అని కేకేసింది. లేచాను. నేనే అన్నాను. వాడు నన్ను చూసి పరుగెత్తుకు రాలేదు. ఆవలించి, చొక్కా నోట కరచుకుని నింపాదిగా నడిచొచ్చాడు. చొక్కా తిరిగి ఇవ్వడు. అది వాడిదేనట.

ఆవిడ ఇచ్చిన చీటీలో రెండే ముక్కలున్నాయి. "తిన్నాడు. పడుకున్నాడు."

ఇప్పుడు నీతో పనిబడింది.

మొన్న ఆదివారం మీ అక్క స్వెటరు ఉతికాను. డబ్బా తీసి చూస్తే డబ్బా వాసనే వస్తోంది. ఇంక దాచి లాభం లేదనిపించింది. బాగా శుభ్రం కావాలని మరిగే నీళ్ళలో నానబెట్టాను. ఉన్ని బట్టలకి వేడినీళ్ళు పనికిరావని నాకు తెలియదు. ఆ విభాగం ఎప్పుడూ మీ అక్కదే.

బయటికి తీస్తే బడిపిల్ల స్వెటరంత అయింది. మీ అక్క చూస్తే ఏమనేదో నీకు తెలుసు. నాకూ వినిపించింది. నవ్వొచ్చింది. ఒక్కణ్ణే ఉండి పైకి నవ్వాను. మేనేజరు వచ్చి చూసి వెళ్ళాడు.

ఇప్పుడది పెద్దవాళ్ళెవరికీ పట్టదు. వాడికి పడుతుంది. ఈ పొట్లంలో పంపుతున్నాను. వెనక కాళ్ళకి అడ్డం రాకుండా కింద కత్తిరించు. చేతులు పొట్టి చెయ్యి. మోచేతి అతుకు మాత్రం ముట్టుకోకు, ఉండనీ. రంగు ఇప్పుడు కలిసింది.

వర్షాలు ముదిరేలోగా పంపితే మంచిది. గొడుగులు చూస్తే వాడికి వణుకు.

కొలతలు: మెడ పదహారు అంగుళాలు. ఛాతీ ఇరవై ఆరు. వీపు ఇరవై రెండు. తోక కొలవనివ్వలేదు.

బావ